నంబరు ఇచ్చేదెవరు?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు, ఎల్బీనగర్‌లో దానికే ఇంకో బ్రాంచి ఉన్నాయనుకుందాం. మెట్రోలో పోతే రెంటికీ మధ్య చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ అని రెండే స్టేషన్లు. కానీ రెండు బ్రాంచీలూ ఇన్నేళ్లూ వేర్వేరు సాఫ్ట్‌వేర్లు వాడాయి. ఇప్పుడు ఆ డేటా అంతా ఒకే కొత్త డేటాబేసులోకి ఎక్కించాలి. కొత్త ప్రోగ్రాము ఓఆర్‌ఎం మీద నడుస్తుంది. అంటే ప్రోగ్రాములోని ఆబ్జెక్టుని టేబుల్లో రికార్డుగా, రికార్డుని మళ్లీ ఆబ్జెక్టుగా మార్చిపెట్టే లైబ్రరీ. మామూలు రోజుల్లో ప్రతి కొత్త రికార్డుకీ ప్రైమరీ కీని, అంటే ఆ రికార్డుని గుర్తుపట్టే నంబరుని, డేటాబేసే పుట్టిస్తుంది, ఎవరూ దాని జోలికి పోరు. పాత డేటా ఎక్కించే రోజున మాత్రం ప్రతి విద్యార్థీ ఒక నంబరుతోనే వస్తాడు. ఆ నంబరునే ప్రైమరీ కీగా మనం చేత్తో పెట్టాలా, లేక దాన్ని పక్కనబెట్టి డేటాబేసుని కొత్తది ఇవ్వనివ్వాలా? ఈ పనిలో ఉన్నవాళ్లు రెండుగా చీలిపోయే ప్రశ్న ఇది. ఆ రెండు పక్షాలనీ ఇక్కడ ఇద్దరి నోట పెట్టాను. అన్న దిల్‌సుఖ్‌నగర్‌లో డేటాబేసులు నేర్పేవాడు, తమ్ముడు ఎల్బీనగర్‌లో చిన్న సంస్థలకి సాఫ్ట్‌వేర్ రాసిచ్చేవాడు. మనుషులిద్దరూ కల్పితం, వాళ్లు చూపే సాక్ష్యాలు కావు. నా మొగ్గు తమ్ముడి వైపు. అయితే అన్న మాట తేలిగ్గా కొట్టిపారేసేది కాదు, ఒకచోట గెలుపు కూడా ఆయనదే.

అన్న: తమ్మీ, పాత నంబరుంటే దాన్నే పెట్టాలి. విద్యార్థి నంబరు ఒక్క టేబుల్లో పడి ఉండేది కాదు. ఫీజులు, హాజరు, పరీక్ష మార్కులు, హాస్టల్, మెటీరియల్, అన్ని టేబుళ్లూ దాన్నే పట్టుకుని వేలాడుతుంటాయి. నువ్వు 457ని 9031 చేశావంటే ఆ మార్పు ప్రతి టేబుల్లోనూ, ఒక్క రికార్డు కూడా తప్పకుండా చెయ్యాలి. ఎక్కడో ఒకచోట తప్పిందంటే ఒకడి మార్కులు ఇంకొకడి పేరు మీద పడతాయి. అది ఎర్రరుగా కనబడదు, మామూలు మార్కుల్లాగే కనబడుతుంది. పాత నంబర్లు అలాగే ఉంచితే టేబుళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టు దిగిపోతాయి. పైగా ఆ నంబరు కంప్యూటర్లోనే ఉందా? ఐడీ కార్డు మీద ఉంది, రసీదు మీద ఉంది, తండ్రి ఫోన్లో మెసేజీలో ఉంది. ఇక ఓఆర్‌ఎం అడ్డం పడుతుందంటావా, పడదు. డాక్ట్రిన్ అనే ఓఆర్‌ఎంలో జనరేటర్‌ని తీసి 'అసైన్డ్' పెడితే నువ్విచ్చిన నంబరే తీసుకుంటుంది. జాంగోలో ఐడీ నింపి సేవ్ చేస్తే చాలు. అడుగున ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉంటే ఐడెంటిటీ ఇన్సర్ట్ ఆన్ చేస్తావు. ఇన్ని చోట్ల ఆ వెసులుబాటు పెట్టారంటే అవసరం ఉండబట్టే కదా!

తమ్ముడు: వెసులుబాటు ఉంది, కాదనను అన్నా. కానీ మన రెండు బ్రాంచీల్లోనూ లెక్క 1 నుంచే మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్ 457 ఒక అబ్బాయి, ఎల్బీనగర్ 457 ఒక అమ్మాయి. ముందు దిల్‌సుఖ్‌నగర్ డేటా ఎక్కించావు, తర్వాత ఎల్బీనగర్‌ది మొదలుపెట్టావు. నువ్వు చెప్పినట్టే జాంగోలో ఐడీ నింపి సేవ్ చేశావనుకో. ఐడీ ముందే ఉన్న ఆబ్జెక్టుని చూస్తే జాంగో మొదట ఆ ఐడీ ఉన్న రికార్డుని అప్‌డేట్ చెయ్యడానికి చూస్తుంది, అది దొరక్కపోతేనే కొత్తది చేరుస్తుంది. ఇక్కడ 457 దొరికింది. అమ్మాయి వివరాలు అబ్బాయి రికార్డు మీద పడతాయి, అబ్బాయి మాయం. ఒక్క ఎర్రరు కూడా రాదు. కొత్త రికార్డుగానే చేర్చమని గట్టిగా చెబితే ఆగుతుంది, నిజమే. కానీ ఆగడమంటే ఏంటి? 457 ఇద్దరికుందని తేలడమే. ఇది కోచింగ్ సెంటర్లకే వచ్చిన చిక్కు కాదు. 2007 ఏప్రిల్ 16న పాత హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి జీహెచ్‌ఎంసీ ఏర్పడింది. ఆ పన్నెండింటిలో మనవి రెండున్నాయి, దిల్‌సుఖ్‌నగర్‌ని ఆనుకుని ఉన్న గడ్డిఅన్నారం మున్సిపాలిటీ, ఎల్బీనగర్ మున్సిపాలిటీ. ఇళ్లకి నంబర్లు దేనికది వేసుకుంది. ప్రతి మున్సిపాలిటీకీ తనదంటూ ఒకటో వార్డు ఉంటుంది. ఆ నంబరు ఆ ఊరి హద్దులో ఉన్నంతసేపే ఇల్లు చూపిస్తుంది. హద్దు చెరిగిపోయాక ఎక్కడి ఒకటో వార్డు అని అడగాల్సిందే. ఇవ్వాళ జీహెచ్‌ఎంసీ ఆస్తి పన్ను లెక్క పీటీఐఎన్ అనే 10 అంకెల నంబరు మీద నడుస్తుంది. ఇంటి నంబరు పోలేదు, చిరునామాగా దాని పక్కనే ఉంది. నేను అడిగేదీ అదే. పాత నంబరుని పారేయమనడం లేదు, దానికి వేరే కాలమ్ ఇవ్వమంటున్నాను.

అన్న: ఇద్దరికీ ఒకే నంబరు పడితే దారి లేదనుకుంటున్నావా? ఎల్బీనగర్ నంబర్లన్నిటికీ లక్ష కలుపు. 457 కాస్తా 1,00,457 అవుతుంది. ఫీజుల్లో లక్ష, మార్కుల్లో లక్ష, హాజరులో లక్ష. ఒక్క కూడికతో అన్ని లింకులూ నిలబడతాయి. ఏది ఏదైందో రాసుకునే టేబుల్ అక్కర్లేదు, వెతుకులాట అక్కర్లేదు. మామూలు ఇంటిజర్ కాలమే 214 కోట్ల దాకా పడుతుంది, లక్ష ఒక లెక్కా? పాత నంబరు కావాలంటే లక్ష తీసేసి చూసుకోవచ్చు. ఈ చిట్కా నీకంటే, నాకంటే పాతది.

తమ్ముడు: బాగానే ఉంటుంది అన్నా, మొదటి రోజు. రెండో రోజు నుంచి జనం ఆ లక్షని చదవడం మొదలుపెడతారు. రిపోర్టు రాసే కుర్రాడు ఐడీ లక్ష దాటితే ఎల్బీనగర్ అని ఒక షరతు రాసేస్తాడు. ఎక్కించిన డేటా మీద అది అచ్చంగా పనిచేస్తుంది కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. కానీ ఇకమీద డేటాబేసు ఇచ్చే కొత్త నంబర్లు ఎక్కడి నుంచి మొదలవ్వాలి? ఉన్నవాటిలో పెద్దదాని తర్వాత నుంచి, అంటే లక్ష పైనుంచే. దిల్‌సుఖ్‌నగర్ కౌంటర్లో చేరిన కొత్త పిల్లలందరూ ఆ రిపోర్టులో ఎల్బీనగర్ వాళ్లయిపోతారు. ఏడాది తిరిగేసరికి దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచిలో అడ్మిషన్లే లేవని యజమాని కంగారుపడతాడు. నంబరులో అర్థం పెట్టకూడదని నేననేది ఇందుకే. నువ్వు లక్షని వట్టి కూడికే అనుకున్నావు, చదివేవాడు అందులో బ్రాంచిని చూశాడు.

అన్న: అయితే దాచడమెందుకు, బ్రాంచిని పైకే చూపిద్దాం. దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకి ముందు 'డి', ఎల్బీనగర్ వాళ్లకి 'ఎల్'. డి-457, ఎల్-457. కీ అక్షరాల్లో ఉంటే ఏ డేటాబేసూ కాదనదు. దేశమంతా ఇట్లాగే నడుస్తోంది. బండి నంబరు చూడు, రాష్ట్రం, ఆఫీసు, వరుస, అన్నీ అందులోనే. చూడగానే తెలిసిపోతుంది.

తమ్ముడు: బండి నంబరు నువ్వెత్తడం మంచిదైంది. దిల్‌సుఖ్‌నగర్ బండ్లకి మలక్‌పేట ఆర్టీఏ కోడు 11. 2012లో కొన్న బండి మీద ఏపీ 11. 2014 జూన్ 2 తర్వాత, కొత్త కోడు వచ్చాక కొన్నదాని మీద టీఎస్ 11. 2024 మార్చి 12న కేంద్రం గెజిట్ ఇచ్చింది, ఆ నెల 15 నుంచి కొత్త బండ్లకి టీజీ. ఆఫీసు అదే, రోడ్డు అదే, కొనేవాళ్లూ ఆ చుట్టుపక్కల వాళ్లే, రాష్ట్రం అక్షరాలు మాత్రం మూడు రకాలు. పాత ఏపీ, టీఎస్ బండ్లు తమ నంబర్లతోనే ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి, ఏపీ అని ఉంటే ఆంధ్రా బండి అన్న రూలు నడవదు. అటు ఆంధ్రప్రదేశ్ 2019లో జిల్లాకో కోడు పద్ధతి తీసేసి రాష్ట్రమంతటికీ ఏపీ 39 పెట్టింది. నంబరులోంచి జిల్లాని ఏరుకునే ప్రోగ్రాములకి ఆ రోజుతో ఆ పని పోయింది. 2021లో భారత్ సిరీస్ వచ్చింది, 22 బీహెచ్ అంటూ ముందు సంవత్సరం అంకెలతో మొదలవుతుంది. మొదటి రెండు అక్షరాలూ రాష్ట్రమని నమ్మిన ప్రోగ్రాముకి 22 అనే రాష్ట్రం ఎదురైంది. ఇంకా చూడు. విజయవాడ హైవే మీద ఎల్బీనగర్‌లో దిగి ఇక్కడే స్థిరపడ్డవాడి బండి 12 నెలలు దాటి ఇక్కడే ఉంటే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం కొత్త నంబరు తీసుకోవాలి. అంటే బండి అదే, చాసిస్ అదే, నంబరు మారింది. సర్వీసింగ్ షెడ్డు సాఫ్ట్‌వేర్లో బండి నంబరే ప్రైమరీ కీ అయితే ఆ బండి పాత రిపేర్లన్నీ ఒక కీ కింద, కొత్తవి ఇంకో కీ కింద ఉంటాయి. కీ మార్చాలంటే దాన్ని పట్టుకున్న ప్రతి టేబుల్లోనూ మార్చాలి. నువ్వు మొదట భయపెట్టిన పని అదే కదా అన్నా? పాత నంబరు ఉంచేస్తే తప్పించుకోవచ్చన్నావు, తప్పలేదు. వాయిదా పడిందంతే.

ఇక్కడ నాదొక మాట. రాష్ట్ర విభజన తెలుగువాళ్ల డేటాబేసులకి పెట్టినంత కఠినమైన పరీక్ష మరొకటి లేదు. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడు. తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. 28 ఉమ్మడి రాష్ట్రం కింద పాతబడిపోయింది. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో మాత్రం ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ 28. ఒకే రాష్ట్రం, కేంద్రం నడిపే రెండు పట్టికల్లో రెండు నంబర్లు. వీటిలో ఏదో ఒకదాన్ని తమ రాష్ట్రాల టేబుల్‌కి ప్రైమరీ కీ చేసుకున్నవాళ్లు రెండో పట్టిక డేటా వచ్చిన రోజున ఇరుక్కుంటారు. జిల్లాలదీ ఇదే కథ. 2011 జనగణనలో రంగారెడ్డి కోడు 537. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా మూడైంది. ఎల్బీనగర్ రంగారెడ్డిలోనే ఉండిపోయింది, పక్కనున్న ఉప్పల్ మేడ్చల్-మల్కాజిగిరికి పోయింది. ఎవరూ ఇల్లు మారలేదు.

అన్న: ఇదంతా సర్కారు నంబర్ల గొడవ తమ్మీ. అవి మనుషులు చదవడానికి పెట్టినవి, అందుకే వాటిలో అర్థముంది, అర్థముంది కాబట్టే మారాయి. నేను మాట్లాడేది పాత సాఫ్ట్‌వేర్ తనకోసం తాను వేసుకున్న వట్టి అంకె గురించి. దానిలో ఊరూ లేదు, ఏడాదీ లేదు. రెండు బ్రాంచీల సంగతి కాసేపు పక్కనబెట్టు. ఒక్క బ్రాంచి ఉంది, పాత సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ మీద ఉంది, దాన్ని ఆపేసి పోస్ట్‌గ్రెస్‌కి పోతున్నాం. పాత ఐడీల్లో ఏ అర్థమూ లేదు, ఢీకొనేవి లేవు. అప్పుడు కూడా కొత్తవి పుట్టించి, నలభై టేబుళ్లలో లింకులన్నీ తిరగరాసి, ఒక్కటి తప్పినా కొంప మునిగే పని పెట్టుకుంటానంటావా? అది సిద్ధాంతం కాదు, మొండితనం.

తమ్ముడు: అక్కడ నువ్వే గెలిచావు అన్నా. అర్థం లేని అంకె, ఒక్కటే మూలం, పాతది ఆగిపోతోంది. ఈ మూడూ ఉంటే ఐడీలు అట్లాగే ఎక్కించాలి, నేనూ అదే చేస్తాను. కానీ ఎక్కించాక ఏమవుతుందో ఒక్కసారి దగ్గరగా చూడు. పాత ఐడీల్లో పెద్దది 5,130 అనుకో. పోస్ట్‌గ్రెస్‌లో ఐడీలు ఇచ్చే సీక్వెన్స్ టేబుల్ లోపలికి తొంగి చూడదు. మనం చేత్తో పెట్టినవాటి సంగతి దానికి తెలీదు. మర్నాడు కౌంటర్లో మొదటి అడ్మిషన్. సీక్వెన్స్ 1 ఇస్తుంది. 1 ముందే ఉంది కాబట్టి డూప్లికేట్ కీ అని ఎర్రరు. కౌంటర్లో అమ్మాయి మళ్లీ నొక్కుతుంది. ట్రాన్సాక్షన్ రద్దయినా సీక్వెన్స్ వెనక్కి రాదు, ఈసారి 2 ఇస్తుంది. మళ్లీ ఎర్రరు. మళ్లీ నొక్కుతుంది. పాత డేటాలో 17 ఖాళీగా ఉందనుకో, ఎప్పుడో మానేసిన పిల్లవాడిని తీసేశారు. పదిహేడోసారి నొక్కగానే అడ్మిషన్ అయిపోతుంది! సర్వరు కాస్త మొరాయించిందనుకుని అందరూ ఊరుకుంటారు. కొత్తగా చేరినవాడి ఐడీ 17. ఫీజుల టేబుల్‌కి ఫారిన్ కీ కట్టుబాటు లేకపోతే, చిన్న సాఫ్ట్‌వేర్లలో చాలాసార్లు ఉండదు కూడా, ఆ మానేసినవాడి బాకీ ఇంకా 17 పేరు మీదే ఉంటుంది. అది ఈ పిల్లవాడికి అంటుకుంటుంది. చేరిన రోజే వాళ్ల నాన్నకి బాకీ మెసేజీ. ఇదే పని మైఎస్‌క్యూఎల్‌లో చేసి చూస్తే, చేత్తో పెట్టిన పెద్ద ఐడీని గమనించి లెక్క దానంతటదే ముందుకు జరుగుతుంది, ఏ తేడా రాదు. అందుకే పరీక్షలో నెగ్గిన స్క్రిప్టు అసలు సర్వర్లో దెబ్బతింటుంది.

అన్న: సీక్వెన్స్‌ని ముందుకు జరపడం ఒక్క లైను పని. పెద్ద ఐడీ ఎంతో చూసి సెట్‌వాల్ కొట్టాలి. జాంగో ఆ లైను రాసిపెట్టే ఆదేశాన్నే ఇస్తుంది. ఆ లైను మర్చిపోయినవాడి తప్పుని పద్ధతికి అంటగడుతున్నావు. గ్యాసు కట్టేయడం మర్చిపోయినవాడు వంటే మానెయ్యమన్నట్టుంది.

తమ్ముడు: సెట్‌వాల్ సరిపోయే సందర్భం నేనిప్పుడే నీకు వదిలేశాను. సరిపోనిది చెబుతా విను. దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచి ఈ నెల మారుతుంది. ఎల్బీనగర్ వాళ్లు పరీక్షలయ్యేదాకా పాత సాఫ్ట్‌వేర్ వదలమంటారు. ఈలోగా వాళ్ల డేటా కూడా వారానికోసారి కొత్తదాంట్లోకి తెచ్చుకోవాలి, లేకపోతే యజమానికి మొత్తం లెక్క తెలీదు. వాళ్ల పెద్ద ఐడీ 5,130. నువ్వు సెట్‌వాల్ కొట్టావు, కొత్త డేటాబేసు 5,131 ఇచ్చింది. అదే మధ్యాహ్నం ఎల్బీనగర్ పాత సాఫ్ట్‌వేర్ కూడా 5,131 ఇచ్చింది. దానికి నీ సెట్‌వాల్ సంగతేం తెలుసు? వారం చివర ఎక్కిస్తే మళ్లీ ఒక నంబరుకి ఇద్దరు. ఇందులో ఎవరూ ఏదీ మర్చిపోలేదు అన్నా. నంబర్లిచ్చేవాళ్లు ఇద్దరున్నారు, అంతే. ఓఆర్‌ఎంలు కూడా లోపల ఈ లెక్క మీదే కట్టారు. హైబర్నేట్‌లో ఐడీ డేటాబేసు ఇస్తుందని చెప్పి, దాన్ని నువ్వే నింపి పర్సిస్ట్ చేశావంటే, ఇది డిటాచ్డ్ ఎంటిటీ అని తిప్పికొడుతుంది. ఐడీ ఉందంటే ఈ రికార్డు ముందే ఎక్కడో పుట్టిందని దాని నమ్మకం. స్ప్రింగ్ డేటాలో మామూలు ఎంటిటీకి ఐడీ నింపి సేవ్ అంటే కొత్తది కాదనుకుని మెర్జ్‌కి పంపుతుంది, రికార్డుకో సెలెక్ట్ ముందు నడుస్తుంది. లక్ష రికార్డులకి లక్ష సెలెక్టులు. వాటిని దాటే దారులున్నాయి, నాకు తెలుసు. కానీ దారి మార్చుకుంటున్నామంటే నంబరిచ్చే పని డేటాబేసు చేతిలోంచి మనం తీసుకుంటున్నామని అర్థం. తీసుకున్నాక అది మన పూచీ.

మళ్లీ నాదొక మాట. ఈ వాదంలో అసలు సంగతి ఇక్కడ దొరికిందనిపిస్తుంది. ప్రైమరీ కీ అంకెలా ఉండాలా అక్షరాల్లోనా, పాతదా కొత్తదా అని కొట్లాడతాం గానీ, తేల్చుకోవాల్సింది రేపటి నుంచి ఆ నంబరు ఇచ్చే అధికారం ఎవరిదన్నది. పాత సాఫ్ట్‌వేర్ ఆగిపోయి, దాని లెక్క పూర్తిగా మన చేతికొస్తే, దాని ఐడీలు మనవే. నిక్షేపంగా ప్రైమరీ కీలో పెట్టుకోవచ్చు. ఆ అధికారం ఇంకా బయట ఉంటే, అది ఆర్టీఏ దగ్గరున్నా, మున్సిపాలిటీ దగ్గరున్నా, జీఎస్టీ ఆఫీసు దగ్గరున్నా, చివరికి రెండు స్టేషన్ల అవతలున్న మన బ్రాంచి దగ్గరున్నా, ఆ నంబరు మన దగ్గర వట్టి సమాచారం. భద్రంగా దాచుకోవాలి, దాంతో వెతకగలగాలి, కానీ లింకులు దానికి కట్టకూడదు. ఎందుకంటే ఇచ్చినవాళ్లు దాన్ని మార్చే ముందు మనల్ని అడగరు. రిలేషనల్ మోడల్‌ని 1970లో ప్రతిపాదించిన ఎడ్గార్ కాడ్ కూడా 1979 నాటికి, వాడేవాళ్లు ముట్టుకోని, వ్యవస్థే పుట్టించే కీలు కావాలన్న చోటికి వచ్చాడు.

అన్న: సరే, నీ పద్ధతే కానియ్యి. అప్పుడు లింకుల సంగతేంటి? మొదట అడిగింది అదే, దానికి ఇంతవరకు జవాబు చెప్పలేదు.

తమ్ముడు: చెబుతా. విద్యార్థుల టేబుల్లో రెండు కాలమ్‌లు అదనంగా పెడతాను, ఎక్కడి నుంచి వచ్చాడు, అక్కడ వాడి నంబరు ఎంత. ఆ రెండూ కలిపి యునీక్ కట్టుబాటు. ఎల్బీనగర్ 457 ఒక్కతే ఉండగలదు, దిల్‌సుఖ్‌నగర్ 457 ఒక్కడే ఉండగలడు. ముందు విద్యార్థులని ఎక్కిస్తాను, ఐడీ డేటాబేసు ఇస్తుంది. తర్వాత ఫీజులు. ఫీజు రికార్డు ఎల్బీనగర్ 457 అంటుంది, ఆ జంటతో ఒక్క జాయిన్ కొడితే కొత్త ఐడీ వచ్చేస్తుంది. జాయిన్‌కి దొరకనివి ఏవో వేరే జాబితాలో పడతాయి. నువ్వన్న కనబడని తప్పు ఇక్కడ కనబడుతుంది. నీ పద్ధతిలో నంబరు ఉందంటే లింకు కుదిరినట్టే, మనిషి వాడేనా అని అడిగేవాళ్లుండరు. రెండో లాభం, అదే ఫైలుని వారం వారం ఎక్కించొచ్చు. ఆ జంట ముందే ఉంటే అప్‌డేట్, లేకపోతే కొత్తది. పోస్ట్‌గ్రెస్‌లో 2016 జనవరిలో వచ్చిన 9.5 నుంచి ఆన్ కాన్‌ఫ్లిక్ట్ అన్న మాటతో ఈ పని ఒక్క వాక్యంలో అవుతుంది. మూడోది, పాత నంబరు అక్షరాల కాలమ్‌లో ఉంటుంది కాబట్టి ఉన్నదున్నట్టు ఉంటుంది. అంకెల ప్రైమరీ కీలో పెట్టావంటే 0457 కాస్తా 457 అవుతుంది.

అన్న: ఉన్నదున్నట్టు వస్తే కదా! డేటా ఎక్సెల్‌లో వస్తుంది తమ్మీ. అక్కడే సగం చెడిపోతుంది.

తమ్ముడు: చెడుతుంది. మన హైదరాబాదు ఇంటి నంబర్లకి ఎక్సెల్ చేసే అన్యాయం ఇంకెవరికీ చెయ్యదేమో. మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్ వైపు 16-11తో మొదలయ్యే నంబర్లున్నాయి. 16-11-511 అంటే ఎక్సెల్‌కి తేదీగా కుదరదు, అక్షరాలుగా వదిలేస్తుంది. 16-11-20 అని కొట్టి చూడు, 2020 నవంబరు 16 అయి కూర్చుంటుంది. అదే వీధి, అదే కాలమ్, ఒక ఇల్లు చిరునామా, పక్కిల్లు తేదీ. 16 అంకెల నంబరైతే 15 తర్వాత అంకె సున్నా అయిపోతుంది. ఇట్లాంటి నంబరుని కీ చేశావంటే చెడిపోయినదానికే లింకులన్నీ కట్టినట్టు. పక్క కాలమ్‌లో ఉంటే మంచి ఫైలు వచ్చాక సరిదిద్దుకుంటావు, ఒక్క లింకూ కదలదు.

అన్న: యూయూఐడీ పెడితే ఈ తలనొప్పంతా ఉండదంటారు మా స్టూడెంట్లు.

తమ్ముడు: సగం నిజం. రెండు చోట్ల ఇచ్చినా ఢీకొట్టవు కాబట్టి నంబరిచ్చేవాళ్లు ఇద్దరున్నారన్న గొడవ తీరుతుంది. 2024లో ప్రామాణికమైన ఏడో రకం యూయూఐడీ కాలక్రమంలో పుడుతుంది కాబట్టి ఇండెక్స్ కూడా చెదిరిపోదు. కానీ పాత 457కి యూయూఐడీ ఏదో రాసిపెట్టుకోవాల్సిందే కదా. మళ్లీ ఆ రెండు కాలమ్‌లకే వచ్చాం.

అన్న: ఇప్పుడు నీ సూత్రంతోనే నిన్ను పట్టుకుంటా. నంబర్లిచ్చేవాళ్లు ఇద్దరుండటమే గొడవన్నావు, అంటే ఇచ్చే అధికారం మనదొక్కరిదే అయితే ప్రైమరీ కీ చేసుకోవచ్చనే కదా. రసీదు నంబరు ఇచ్చేదెవరు? మనమే. ఆర్టీఏ కాదు, మున్సిపాలిటీ కాదు. మరి రసీదుల టేబుల్‌కి రసీదు నంబరే ప్రైమరీ కీ చెయ్యి. ఒప్పుకుంటావా?

తమ్ముడు: ఒప్పుకోను. గట్టిగానే పట్టుకున్నావు గానీ. కోచింగ్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంది కాబట్టి మన రసీదు పన్ను ఇన్వాయిస్ కూడా. జీఎస్టీ నిబంధనల్లో 46వది దాని నంబరు ఎలా ఉండాలో చెబుతుంది. వరుసగా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. అంటే రాసేది మనమే అయినా రూలు మనది కాదు. ఏప్రిల్ 1న కొత్త వరుస మొదలుపెట్టొచ్చు, మళ్లీ 1 వస్తుంది. ఇక డేటాబేసు సీక్వెన్స్ సంగతి ఇందాక చూశావు, ఒక ట్రాన్సాక్షన్ రద్దయితే ఒక నంబరు పోతుంది, వరుసలో ఖాళీ పడుతుంది. ప్రైమరీ కీలో ఖాళీ పడితే ఎవరికీ నష్టం లేదు. ఇన్వాయిస్ వరుసలో ఖాళీ పడితే ఆడిటరు అడుగుతాడు.

అన్న: అంటే నీ సూత్రం ఒకటి కాదు, రెండు. ఇచ్చేది మనమై ఉండాలి, రూలు కూడా మనదే అయ్యుండాలి.

తమ్ముడు: రెండే. రెండోది నువ్వడిగేదాకా నాకూ ఇంత స్పష్టంగా తట్టలేదు.

అన్న: అయితే స్క్రిప్టు మొదలుపెట్టే ముందు ఒక పని చెయ్యి. ఎల్బీనగర్ పాత సర్వరు ఏ రోజు ఆపుతారో కాగితం మీద రాయించుకో. పరీక్షలయ్యాక అంటే కుదరదు, తేదీ కావాలి.

తమ్ముడు: మార్చి 31 అన్నారు, రసీదుల వరుస ఎట్లాగూ ఆ రోజుతో ముగుస్తుందని.

అన్న: అయితే అప్పటిదాకా వాళ్లవి ఏవీ ప్రైమరీ కీలో పెట్టకు. దిల్‌సుఖ్‌నగర్‌వి మాత్రం నేను చెప్పినట్టే, ఉన్నవి ఉన్నట్టు ఎక్కించు. ఆ సెట్‌వాల్ లైను స్క్రిప్టు చివర వేరేగా కాదు, అదే ట్రాన్సాక్షన్‌లో పెట్టు.